కళ్లు లేని నేతగత్తెలు

"నేను పిసకనన్నానా? పిసకను. కావాలంటే నువ్వే పిసుక్కో."

బల్ల మీద పిండి కుప్పగా పోసి ఉంది. మధ్యలో గుంట చేసి గుడ్లు కూడా కొట్టేసింది అమ్మ. ఆ గుడ్లు కారిపోకుండా ఒక చేత్తో పిండి గట్టు కాపాడుకుంటూ, రెండో చేత్తో నా ముంజేయి పట్టుకుని లాగుతోంది.

"కూముగారి రొట్టె నీ చేత్తో చేస్తే ఏం అరిగిపోతావే వెలికా? పెళ్లయిన దగ్గర్నుంచీ ఏటా నువ్వే చేస్తున్నావుగా!"

"అప్పుడు నెవెన బతికుంది."

"పోయినదానికీ రొట్టెకీ ఏం సంబంధం?"

"ఉందని నీకూ తెలుసు. అందుకే నీ చేతులు అలా వణుకుతున్నాయి."

"నా చేతులు వాతంతో వణుకుతున్నాయి!"

పొయ్యి పక్కన ఉయ్యాల ఊపుతున్న మా ఆయన దోబ్రి గొంతు సవరించుకున్నాడు. "పోనీ నేను పిసకనా అత్తయ్యా?"

"ఇల్లరికపు అల్లుడు పిసికిన రొట్టె కూముగారింటికి పంపితే ఊరంతా నవ్వుతుంది. నువ్వు ఆ ఉయ్యాల ఊపు, చాలు."

"ఊపుతూనే ఉన్నాగా. ఈ ఇంట్లో ఊగనిదల్లా పొయ్యి ఒక్కటే," అన్నాడు దోబ్రి. నాన్న కిటికీ దగ్గర కూర్చుని బూట్లకు నూనె రాసుకుంటున్నాడు. ఆయన ఎటువైపూ మాట్లాడలేదు.

ఆవేళ క్షమాపణల ఆదివారం. మాంసం, పాలు, గుడ్లు ముట్టని పెద్ద ఉపవాసానికి ముందు రోజు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, చేయి ముద్దుపెట్టుకుని, క్షమించమని అడగాలి. ఫలానా తప్పు అని అడిగేవాళ్లు చెప్పరు, ఏ తప్పు అని పెద్దవాళ్లు అడగరు. "క్షమించాను, దేవుడూ క్షమించుగాక" అని మూడుసార్లు అంటారు. అంతటితో ఏడాది లెక్క చెల్లు. అన్నిటికంటే ముందు వెళ్లాల్సింది కూము ఇంటికి. పెళ్లిలో మన తల మీద కిరీటం పట్టేదీ, మన బిడ్డను బాప్తిస్మపు నీళ్లలోంచి ఎత్తి పేరు పెట్టేదీ కూమే. ఆ వరస తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఆయన సెలవిస్తే తప్ప మారదు. తండ్రి శాపం తగిలితే చెట్టు ఎండుతుంది, కూము శాపం తగిలితే రాయి ఎండుతుంది అని మా అమ్మ నమ్మకం.

మా కూము హరలాంపి. మా ఊరు స్లివెన్‌లో మగపిల్లల ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం పంతులు. రేపు అదే బడి హాల్లో మా చెల్లెలు నెవెన బొమ్మల ప్రదర్శన ఆయన చేతుల మీదుగా, జిల్లా అధికారి ఎదుట జరగబోతోంది. వచ్చే శనివారం, తోదోర్ పండుగనాడు, మా బిడ్డకు ఆయనే బాప్తిస్మమిచ్చి నెవెన అని పేరు పెడతానన్నాడు. చెల్లెలి బొమ్మలు ఇప్పటికే ఆయన చేతిలో పడ్డాయి. ఇప్పుడు పేరు కూడా పడబోతోంది. మొదటిదానికి కసి తీర్చుకోవాలి, రెండోది జరగనివ్వకూడదు. నా కడుపులో బిడ్డ పెరిగినట్టే ఆ పగా పెరిగింది. బిడ్డ బయటికొచ్చింది గానీ, అది రాలేదు.

*

నెవెన నాకంటే ఆరేళ్లు చిన్నది. నాన్న ఉన్ని మిల్లులో అద్దకం మేస్త్రీ. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవి. తొట్ల అడుగున మిగిలిన రంగులో వేలు ముంచి, నెవెన ఉన్ని గోతాల మీద బొమ్మలు గీసేది. అవి చూసి హరలాంపి దానికి కాగితాలిచ్చాడు, కుంచె పట్టుకోవడం నేర్పాడు, సోఫియాలో అకాడమీకి పంపమని నాన్నకు నచ్చజెప్పాడు. కాదనడం పాపం. కానీ ఆ ఒక్క మంచి పనిని ఆయన మమ్మల్ని ఒక్కనాడూ మరిచిపోనివ్వలేదు.

సోఫియా నుంచి అది డిప్లొమాతో పాటు దగ్గు కూడా తెచ్చుకుంది. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు, పాలూ వెన్నా అన్నాడు, కొండగాలి అన్నాడు. మా ఊళ్లో గాలికి కొరతేముంది? నీలిరాళ్ల కొండ మీంచి దిగి ఇంటి పెంకులు ఎగరగొడుతుంది. నెవెన మాత్రం ఆ గాలి వదిలేసి మిల్లులో మగ్గాల గదిలో కూర్చునేది. అమ్మ తిట్టేది. ఆ ఉన్నిధూళిలో, ఆ చప్పుడులో, అక్కడి ఆడవాళ్లనే గీస్తూ గీస్తూ రెండేళ్లు గడిపింది.

పెద్ద పెద్ద గుడ్డల మీద గీసింది. వంగిన వీపులు, నరాలు తేలిన చేతులు, మెడ మీద జారిన తలగుడ్డ ముడి, గాలిలో ఎగిరే ఉన్ని పీచు, అన్నీ ఉండేవి. మొహాలు మాత్రం వెలుతురు ముద్దలు. ముక్కు నీడ ఉండేది, గడ్డం ఉండేది, కళ్లు ఉండేవి కావు.

"కళ్లు ఎప్పుడు పెడతావే?" అని ఓసారి అడిగాను.

"పెట్టను అక్కా. వాళ్లు తలెత్తరుగా. తలెత్తని మనిషి కళ్లు నేనెక్కడ చూస్తాను? చూడనిది ఎలా గీస్తాను?"

సోఫియాలో కుర్ర చిత్రకారులంతా కలిసి పెట్టిన ప్రదర్శనలో వాటిలో కొన్నిటికి చోటు దొరికింది. అక్కడి పత్రికలో ఎవరో రెండు మంచి ముక్కలు రాశారు. అప్పుడు మా ఊరి పత్రికలో హరలాంపి ఇలా రాశాడు: "నా శిష్యురాలు పాపం గుడ్డివాళ్లను గీస్తోంది. జబ్బు ఆమె కుంచెకు కూడా సోకింది." నెవెన అది మంచం మీద పడుకుని చదివింది. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే రక్తం పడింది.

"ఆయనకు వచ్చింది కళ్లు గీయడం ఒక్కటే అక్కా," అంది. "ఊళ్లో ఎవరిని గీసినా అదే జత కళ్లు, మంగలికైనా, మఠాధిపతికైనా. నేను పోయాక వీటికి కూడా అతికిస్తాడు చూడు. ఆయన్ని వీటి దగ్గరికి రానివ్వకు."

కిందటేడు చెర్రీలు పూసే రోజుల్లో పోయింది. ఇరవై ఏడేళ్లు.

నలభయ్యో రోజున నేను ఉడికించిన గోధుమల గిన్నె పట్టుకుని సమాధి దగ్గరున్నాను. ఆ సమయంలో హరలాంపి మా ఇంటికొచ్చి, బడి హాలు పొడిగా ఉంటుంది, బొమ్మలు అక్కడ భద్రంగా ఉంటాయి అన్నాడట. కూము నోరు తెరిచి అడిగాక లేదనడం మా ఇంటా వంటా లేదు. అమ్మ అన్నీ ఇచ్చేసింది. బండికి ఎత్తడానికి సాయం కూడా పట్టింది.

కొత్త సంవత్సరం తర్వాత ఊరి పత్రికలో మళ్లీ ఆయన మాటలు వచ్చాయి. "నా శిష్యురాలు అసంపూర్తిగా వదిలిన స్త్రీలకు నేను చూపునిచ్చాను." అప్పుడు నేను నిండు చూలాలిని. బిడ్డ పుట్టి, నేను లేచి తిరగగలిగాక, మొన్న శుక్రవారం హాలుకు వెళ్లాను. నెవెన బొమ్మల్లో మనిషి కెరానా కూడా వచ్చింది. అది మిల్లులో నేతపని చేస్తుంది, నోరు పెద్దది. బొమ్మలు కప్పే గుడ్డలు తెచ్చామంటే బంట్రోతు తలుపు తీసి తన గదికి వెళ్లిపోయాడు.

రాజుగారి పటం కింద బొమ్మలు వరసగా ఆనించి ఉన్నాయి. ప్రతి మొహంలోనూ రెండేసి కళ్లు. పెద్దవి, తడివి, పైకి చూసేవి. ఎవరైనా మిఠాయి ఇస్తారేమోనని ఎదురుచూస్తున్నట్టు.

కెరానా తన బొమ్మ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇవేం కళ్లే? సంతలో బొమ్మ కళ్లలా! మగ్గం ముందు నేనిలా ఆకాశంలోకి చూస్తే ఈపాటికి నాకు వేళ్లుండేవా?"

నా సంచిలో టర్పెంటైన్ సీసా, దూది ఉన్నాయి. నెవెన కుంచెలు కడిగింది అన్నాళ్లూ నేనేగా. ఆయన వేసిన రంగు మొన్న మొన్నటిది, ఆ చలిగదిలో ఇంకా గట్టిపడలేదు. కింద నెవెన రంగు ఎప్పుడో రాయిలా ఆరింది. ఒక్కో కన్నూ దూదికి నల్లగా అంటుకుని వచ్చేసింది. కింద వెలుతురు అలాగే ఉంది. కెరానా తన కళ్లు తనే తుడుచుకుంటానంది. దూది అడిగి తీసుకుంది. తుడుస్తూ, దేవుడి ఎదుట నోటితో అనకూడని మాటలన్నీ అంది.

తర్వాత అన్నిటికీ గుడ్డలు కప్పి, ఎప్పటిలాగే ఉన్నట్టు సర్ది వచ్చాం. బయటికొచ్చాక దాన్ని ఒక సంగతి అడిగాను. అది సరేనంది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

*

రొట్టె చివరికి అమ్మే చేసింది. కూము ఇంటి గుమ్మంలో ఆయన భార్య జఫీర్కా రొట్టె అందుకుని గుడ్డ తీసి చూసింది.

"అబ్బ, ఎంత చక్కగా పొంగిందో! వెలికా చేతివాటమే వేరు."

"మరే," అంది అమ్మ, చెప్పులు చూసుకుంటూ.

ఇల్లంతా ఆయన బాప్తిస్మమిచ్చినవాళ్లూ, కిరీటం పట్టినవాళ్లూ, వాళ్ల పిల్లలూ. హరలాంపికి సొంత సంతానం లేదు. ఏటా ఈ ఒక్క రోజు ఆ కుర్చీలో మఖమల్ కోటు వేసుకుని కూర్చుంటే ఊరిలో సగం ఆయన చేతి ముందు వంగుతుంది. అది ఆయనకు పెద్ద పండుగ. దూలానికి దారం కట్టి వేలాడదీసిన హల్వా ముక్కను పిల్లలు నోటితో అందుకోవాలని ఎగురుతున్నారు. మంగలి స్లావ్ గోడకు ఆనుకుని వైన్ తాగుతున్నాడు.

హరలాంపి దోబ్రి చేతుల్లోంచి బిడ్డను తీసుకున్నాడు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. అదే నాకు మరీ మండింది.

"మొదటి నెవెన అసంపూర్తిగా పోయింది," అన్నాడు అందరికీ వినిపించేలా. "ఆమె బొమ్మలు నేను పూర్తి చేశాను, రేపు అందరూ చూస్తారు. ఈ నెవెనను కూడా నేనే పూర్తి చేస్తాను."

"దేవుడు మీకు ఆయుష్షు ఇవ్వాలి!" అన్నారు ఎవరో. అమ్మ కళ్లొత్తుకుంది.

నా వంతు వచ్చింది. మోకరించాను. ఆయన చేయి లావెండర్ వాసన వేస్తోంది. ముద్దుపెట్టుకున్నాను.

"క్షమించండి కూముగారూ."

"క్షమించాను తల్లీ, దేవుడూ క్షమించుగాక."

"క్షమించండి."

"క్షమించాను, దేవుడూ క్షమించుగాక."

"క్షమించండి."

మూడోసారి ఆయన గొంతు పెంచాడు. నా తల మీద చేయి పెట్టాడు. "క్షమించాను! దేవుడూ క్షమించుగాక! మీరూ నన్ను క్షమించండి పిల్లలూ."

"క్షమించాం, దేవుడూ క్షమించుగాక," అంది గది అంతా.

నేను లేచి బిడ్డను ఆయన ఒళ్లోంచి తీసుకుని దోబ్రికి ఇచ్చాను.

"వెలికా," అన్నాడు హరలాంపి నవ్వుతూ, "అందరి గొంతులూ వినబడ్డాయి, నీదే వినబడలేదు."

"నేనేమీ అనలేదు కూముగారూ."

"అయ్యో, ఎందుకని?"

"ముందు మీరు నన్ను దేనికి క్షమించారో చెప్తాను. మీ సంగతి తర్వాత."

"వెలికా!" అంది అమ్మ. జఫీర్కా చేతిలో పళ్లెం ఆగిపోయింది. దేనికో చెప్పడం ఎక్కడా లేదు. చెప్పకూడదని రాసీ లేదు.

"శుక్రవారం బడి హాలుకు వెళ్లాను," అన్నాను. "మా చెల్లెలి బొమ్మలకు మీరు పెట్టిన కళ్లన్నీ టర్పెంటైన్‌తో తుడిచేశాను. ఒక్కటి కూడా మిగల్లేదు. రేపు జిల్లా అధికారిగారి ముందు మీరు గుడ్డ తీస్తే నెవెన గీసినవే కనిపిస్తాయి. దానికి మీరు నన్ను క్షమించారు. ఒకసారి కాదు, మూడుసార్లు."

హల్వా కోసం ఎగురుతున్న పిల్లలు కూడా ఆగిపోయారు.

హరలాంపి మొహం పిండిలా అయింది. "నేను వాటికి చూపునిచ్చాను!" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది. "గుడ్డి మొహాలకు చూపు..."

"మీ దగ్గరున్నది ఒకటే జత కూముగారూ. ఊరందరికీ అదే ఇచ్చారు. వాళ్లకూ అదే ఇచ్చారు."

"అది మాత్రం నిజం," అన్నాడు మంగలి స్లావ్ వైన్ గ్లాసులోకి చూస్తూ. "నా బొమ్మలో కళ్లు ఎవరివని మా ఆవిడ ఇప్పటికీ పోట్లాడుతుంది."

ఎవరో ముక్కుతో నవ్వారు. ఇంకెవరో దగ్గినట్టు నటించారు. అది ఆగలేదు. మూల నుంచి మూలకు పాకింది. కొందరు చేతి గుడ్డల్లో మొహాలు దాచుకున్నారు. ఆయన కిరీటం పట్టిన జంటలు, ఆయన పేరు పెట్టిన పిల్లలు, ఆయన కుర్చీ ముందే నవ్వుతున్నారు. ఆయన ఒక్కొక్క మొహం వైపూ చూశాడు. నేను ఆ చూపు కోసమే ఏడాది ఆగాను. జాలి వేస్తుందేమోనని ముందు భయపడ్డాను. వేయలేదు.

"ఈ రాత్రికి వెళ్లి మళ్లీ గీస్తాను," అన్నాడు.

"గీయండి. తడిరంగు వేలికి అంటుకుంటుంది. ఇక్కడున్నవాళ్లంతా రేపు వచ్చి ఒక్కో కన్నూ తాకి చూస్తారు. మిల్లు ఆడవాళ్లూ వస్తామన్నారు."

ఆయన లేచాడు. కుడిచేయి పైకెత్తాడు. అమ్మ కెవ్వుమని నా ముందుకొచ్చి రెండు చేతులూ చాచింది, నా మీద పడేది తన మీద పడాలన్నట్టు. ఆవిడ భయం చూస్తే ఒక్క క్షణం నేనూ భయపడ్డాను.

"హరలాంపీ," అంది జఫీర్కా. పళ్లెం బల్ల మీద పెట్టింది. "చేయి దించు. ఇప్పుడేగా క్షమించావు, దేవుణ్ని కూడా సాక్షిగా పిలిచావు. అందరం విన్నాం. ఇవాళ క్షమించి ఇవాళే శపిస్తే అది ఎవరికి తగులుతుందో నీకు తెలియదూ?"

చేయి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత మెల్లగా కుర్చీ వీపు వెతుక్కుంది.

"మరి నేను?" అన్నాడు నాకొక్కదానికే వినిపించేలా. "నన్ను క్షమించవా?"

"క్షమించను. దేవుడు క్షమిస్తే అది ఆయన ఇష్టం."

*

దారి పొడుగునా గాలి ఎదురుగా కొట్టింది. అమ్మ ఏడుస్తూనే నడిచింది. మధ్యలో ఆగి, నన్ను తిట్టి, మళ్లీ నడిచింది. దోబ్రి బిడ్డను కోటు లోపల పెట్టుకుని, "జాగ్రత్త, గుంట ఉంది," అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చాక నేను పొయ్యి రాజేసి, జున్ను పొరల రొట్టె వేడి చేశాను. గుడ్లు ఉడకబెట్టాను. రేపట్నుంచి ఇవేవీ ముట్టకూడదు. నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఎవరూ చేయి చాపలేదు.

నాన్న ఆ రోజంతటికీ మొదటిసారి నోరు విప్పాడు. "కింద రంగుకేమైనా అయిందా?"

"చెక్కుచెదరలేదు నాన్నా."

"ఆ పొగమంచు బూడిదరంగు? తలగుడ్డ పక్కన వేసినది?"

"అలాగే ఉంది."

నాన్న తల ఊపాడు. గుడ్డు తీసుకుని బల్లకేసి కొట్టి ఒలవడం మొదలుపెట్టాడు.

"బాగుంది! ఈయనకు రంగు కావాలి!" అంది అమ్మ. "శనివారం ఆయన్ని ఏ మొహం పెట్టుకుని పిలుస్తాం? వచ్చినా ఆయన చేతుల్లో ఈ పసిదాన్ని ఎలా పెడతాం? ఎవరైనా చెప్పండి!"

"అత్తయ్యా, ముందు కాస్త తినండి," అన్నాడు దోబ్రి.

"నువ్వు నోరు మూసుకో. నీకు ముందే తెలుసా?"

"నాకు ఈ ఇంట్లో ఏది ముందు తెలిసింది అత్తయ్యా?"

నేను బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాను. అది నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. గొంతు పెంచాల్సిన పని లేదు, నలుగురమే ఉన్నాం.

"ఆయన్ని పిలవడం లేదమ్మా," అన్నాను. "ఇవాళ్టి నుంచి హరలాంపి మనకు కూము కాదు."

"కూమును మార్చాలంటే కూము సెలవివ్వాలే! మన ఇష్టమా?"

"నేను చేసినదానికీ చెయ్యబోయేదానికీ క్షమించమనే వంగాను. ఆయన దేనికని అడగలేదు, మూడుసార్లు సరేనన్నాడు. నాకు ఆ సెలవు చాలు." నాన్న వైపూ, దోబ్రి వైపూ, మళ్లీ అమ్మ వైపూ చూశాను. "కెరానాను అడిగాను, ఒప్పుకుంది. శనివారం బిడ్డను నీళ్లలోంచి ఎత్తేది అదే. నెవెన అని పేరు పెట్టేదీ అదే. పొద్దున పూజకే వెళ్దాం. మిల్లులో దానికి మధ్యాహ్నం నుంచి పని ఉంది."